కళాశాలలలో ప్రాణరక్షణ విద్య



నేడు నేను మాటలాడబోవు విషయము సంతోషకరమైనది కాదు. అయినను వినక తప్పనిది. కళాశాలలలో చదువుకొను పిల్లలు కొందరు తమ ప్రాణములను తామే తీసికొనుచున్నారు. దానిని ఆపుటకు ఆ కళాశాలలలో పనిచేయువారందరికిని కొంత శిక్షణ ఈయవలెనని ఇప్పుడు మన దేశమున ఒక ప్రయత్నము సాగుచున్నది. అందరికిని అనగా అధ్యాపకులకు మాత్రమే కాదు. హాస్టలు వార్డెనులకు, గుమాస్తాలకు, వంటవారికి, కాపలావారికి, బస్సు నడుపువారికి కూడ. ఆ శిక్షణ యెట్టిది, దానివలన ఏమి కాగలదు, ఏమి కాజాలదు అనునది నేటి ప్రసంగవిషయము.

నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లకు పైగా బడులలో తెలుగు పండితుడనై పద్యములకు ప్రతిపదార్థములు చెప్పినవాడను. అట్టివాడు ఈ విషయమునకు ఎట్లు వచ్చెనని మీకు తోచవచ్చును. ఉద్యోగవిరమణ చేసిన కొన్నాళ్ళకు నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతడు మదనపల్లెలో ఒక కళాశాలయందు అధ్యాపకుడు. "అయ్యవారూ! మా కాలేజీలో పిల్లల ప్రాణాలు కాపాడేదానికని ఒక శిక్షణ పెట్టుకున్నాము. చెప్పే డాక్టరుగారు బెంగుళూరునించి వస్తారు, ఇంగ్లీషులో చెప్తారు. వినేవాళ్ళలో సగంమంది వంటవాళ్ళూ, వాచ్‌మెన్లూ. మీరు పక్కన కూచుని తెలుగులో చెప్పిపెట్టాలి" అని కోరెను. శిష్యుని మాట కాదనలేక పోయితిని. పిమ్మట పుంగనూరునందును, కుప్పమునందును ఇట్లే పిలిచిరి. అనువాదకుడనై కూర్చుంటిని గాని, నిజమునకు ఆ మూడు ఊళ్ళలోను నేనే విద్యార్థిని. అందు నేర్చుకొన్నదే మీకు మనవిచేయుచున్నాను.

మొదట ఈ కష్టము పరిమాణమెంతో చూతము. జాతీయ నేరగణాంక సంస్థవారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున ఈ విధముగ మరణించినవారు 1,70,924 మంది. అందు విద్యార్థులు 13,044 మంది. ఏడాది పొడుగున రేయింబవళ్ళు లెక్కించినచో, సుమారు నలువది నిమిషములకొక విద్యార్థి. పరీక్షలో తప్పుటయే వీరందరికిని కారణమని మనము తలచుచుందుము. ఆ లెక్కలలో పరీక్షావైఫల్యము క్రింద చూపబడినవి అన్ని వయస్సులవారివి కలిపి 2,248 మాత్రమే. ఇంటి కలతలు, అప్పులు, అవమానము, ప్రేమలో ఎదురుదెబ్బ, మనోవ్యాధి, ఒంటరితనము, ఇవి ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. మార్కులు బయటికి కనబడును; తక్కినవి కనబడవు. కాబట్టి ఒక మరణమునకు ఒక్క కారణము చెప్పి తృప్తిపడుట పొరబాటు.

ఈ శిక్షణకు న్యాయస్థానపు ఆదేశము కూడ తోడైనది. 2023 జూలైలో విశాఖపట్టణమున, వైద్యవిద్యా ప్రవేశపరీక్షకై హాస్టలునందుండి చదువుకొనుచున్న ఒక బాలిక మరణించినది. ఆమె తండ్రి వేసిన వ్యాజ్యము తుదకు సుప్రీముకోర్టు చేరినది. న్యాయమూర్తులు విక్రమ్‌నాథ్, సందీప్ మెహతాగారలు 2025 జూలై 25వ తేదీన తీర్పు చెప్పుచు, ఆ మరణమును సి.బి.ఐ. దర్యాప్తునకు అప్పగించుటయే గాక, దేశమునందలి విద్యాసంస్థలన్నిటికిని పదునైదు నియమములను విధించిరి. చట్టసభలు తగిన శాసనము చేయువరకు అవియే శాసనము. నూరుమందియో అంతకు మించియో విద్యార్థులున్న ప్రతి సంస్థలోను అర్హతగల మానసిక సలహాదారు ఒక్కరైనను ఉండవలెను. పిల్లలను మార్కులనుబట్టి తరగతులుగా విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు. సహాయపు ఫోను నంబరులు అందరికి కనబడునట్లు వ్రాసిపెట్టవలెను. బోధనచేయువారును, చేయనివారును, సిబ్బంది యంతయు సంవత్సరమునకు రెండుమారులైనను అర్హులైన మానసిక నిపుణులచే శిక్షణ పొందవలెను. "బోధన చేయనివారు" అను మాటను మీరు గమనింపుడు. ఈ నియమములలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఆ మాటయే. ఏల యనగా, చెప్పెదను.

ఈ శిక్షణకు మూలమైన పద్ధతులు పెక్కులు కలవు. 1995లో పాల్ క్విన్నెట్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు క్యూ.పి.ఆర్. అను మూడక్షరముల పద్ధతిని ఏర్పరచెను. అడుగుట, ఒప్పించుట, నిపుణుని యొద్దకు చేర్చుట అని దాని యర్థము. ఇది సామాన్యులు నేర్వదగినది. వైద్యులుగాని వారు ఈ పని చేయుట క్రొత్తయు కాదు. 1953లో లండను నగరమున చాద్ వరా అను మతాచార్యుడు, బాధలోనున్నవారి మాట వినుటకే ఒక సంస్థను స్థాపించెను. మన ప్రక్కనున్న చెన్నపట్టణమున డాక్టరు లక్ష్మీ విజయకుమార్‌గారు 1986లో 'స్నేహ' అను సంస్థను స్థాపించిరి. అక్కడ మాట వినువారు స్వచ్ఛందముగ వచ్చిన సామాన్యజనులే. వంటవారికి ఆంగ్లాక్షరములు పనికిరావు గనుక నేను తెలుగున మూడు మాటలు ఏర్పరచితిని: చూచుట, అడుగుట, అప్పగించుట. ఈ మూటిని వరుసగ వివరింతును.

మొదటిది చూచుట. ఇందు నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది.

చాల యేండ్ల క్రిందట నేను పుంగనూరు ప్రాంతమున ఒక బడిలో పనిచేయుచుంటిని. పదవ తరగతిలో ఒక బాలుడు చురుకైనవాడు. నిఘంటువు చూచుట యందు వానికి వింత సరదా. నా శబ్దరత్నాకరము ప్రతిని వానికి ఎరువిచ్చితిని. ఒకనాటి సాయంకాలము వాడు మా యింటికి వచ్చి, ఆ పుస్తకమునకు క్రొత్త అట్ట వేసి తెచ్చి నా చేతికిచ్చి, పాదములకు నమస్కరించెను. "ఇంకా పెట్టుకోరా, పరీక్షలదాకా పనికొస్తుంది గదా" అంటిని. "ఇంక నాకు దీంతో పని లేదు అయ్యవారూ, మీ దగ్గిరే ఉండనీండి" అనెను. నేను అట్ట చక్కగ వేసినావని మెచ్చుకొని పంపితిని. వాడు మరునాడు బడికి రాలేదు. ఆ మరునాడు వచ్చిన వార్త మీకు చెప్పనక్కరలేదు.

ఆ మాటలో ఒక్కొక్క పదమునకు నేను ప్రతిపదార్థము చెప్పగలవాడనే. తాత్పర్యము మాత్రము గ్రహింపలేకపోయితిని. మదనపల్లెలో ఆ డాక్టరుగారు ప్రమాదసూచనలను వరుసగ చెప్పుచు, "ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట, ఎరువు తెచ్చినవి తిరిగి ఇచ్చివేయుట, సెలవు తీసికొనునట్లు మాటలాడుట" అనినప్పుడు నా నోట తెలుగు రాలేదు. కొంతసేపు ఆగి, మంచినీళ్ళు త్రాగి, తరువాత చెప్పితిని.

ఆ సూచనలలో తక్కినవి ఇవి. నిద్రాహారములు మారుట. స్నేహితులను విడిచి తొలగియుండుట. తరగతులకు రాకుండుట. "నేను లేకుంటే అందరికీ మేలు" వంటి మాటలు నవ్వులాటగా నైనను పలుమారు అనుట. క్రొత్తగా త్రాగుడు మొదలిడుట. బహుదినములు దుఃఖించినవాడు హేతువు లేకుండ ఒక్కసారిగ నెమ్మదించుట. ఇది బాగుపడుట వలె కనబడును గనుక మిక్కిలి మోసపుచ్చునది. ఏ ఒక్క సూచనయు నిశ్చయమును తెలుపదు. ఒక్కపూట అన్నము మానినవారినెల్ల అనుమానింపనక్కరలేదు. మనిషి యందు మార్పు వచ్చెనా, రెండు మూడు సూచనలు ఒకచోట చేరెనా యని చూడవలెను.

మరి ఇవి యెవరి కంట పడును? అధ్యాపకుడు తరగతిలో అరువదిమందిని గంటసేపు చూచును. కంచములో అన్నము విడుచుట వంటమనిషికి తెలియును. అర్ధరాత్రి రెండు గంటలకు మేడమీద ఒంటరిగ తిరుగుట కాపలావానికి తెలియును. ఫీజు కట్టలేక మూడుమారులు గడువడిగినవాని ముఖము గుమాస్తాకు తెలియును. ఏనాటి బస్సులో ఎవడు ఏ మూల కూర్చుండునో, ఎప్పటినుండి కూర్చుండుట మానెనో డ్రైవరునకు తెలియును. కాని చూచినదానిని ఎవరితో చెప్పవలెనో వీరికి తెలియదు. చెప్పినను వినువారుండరని వీరి భయము. "మన మాటకు ఏం విలువలే అయ్యా" అని పుంగనూరులో ఒక కాపలావాడు నాతో అనెను. శిక్షణలో ఆతనిని ప్రిన్సిపాలు ప్రక్కనే కుర్చీవేసి కూర్చుండబెట్టిరి. ఆతడు నేర్చుకొన్నదాని కంటె ఆ కుర్చీయే యెక్కువ మేలు చేసినదని నా నమ్మకము.

రెండవది అడుగుట. అందరును వెనుకాడునది ఇక్కడనే. "చచ్చిపోవాలని ఉందా అని అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్లు కాదా?" అని మూడు ఊళ్ళలోను అడిగిరి. నాకును ఆ సందేహమే కలిగినది. ఈ ప్రశ్నను పండితులు పరిశోధించినారు. అప్పటికి జరిగిన పరిశోధనలనెల్ల సమీక్షించి 2014లో ప్రకటింపబడిన వ్యాసమొకటి కలదు. అడుగుటవలన ఆ ఆలోచన పెరిగినట్లు ఎందును కనబడలేదనియు, కొందరికి అడుగుటవలన ఊరటయే కలుగవచ్చుననియు దాని సారాంశము. లోపల దాగినదానిని బయటికి తీయుటకు ఎవరో ఒకరు ద్వారము తెరవవలెను గదా.

ఎట్లు అడుగవలెను? ఇందు మన వాల్మీకిరామాయణము కంటె మంచి పాఠము నాకు కనబడలేదు. అశోకవనమున సీతాదేవి ప్రాణములు విడువ నిశ్చయించుకొన్న సమయమున హనుమంతుడు శింశుపావృక్షము పైనుండి చూచుచున్నాడు. ఈమెను ఓదార్పక వెళ్ళినచో ఈమె బ్రతుకదని ఆతడు గుర్తించెను. అంతట దుమికి ఎదుట నిలువలేదు. ఏ భాషలో మాటలాడవలెనని ఆలోచించెను. పండితులు మాటలాడు సంస్కృతమున పలికినచో రావణుడని భయపడునేమో యని శంకించెను. తుదకు ఆమెకు ప్రియమైన రామకథను మెల్లగ చెప్పనారంభించెను. ఆమె నమ్మక అనుమానించినప్పుడు కోపగింపక, దూరముగ నిలిచి, నమస్కరించి, మరల చెప్పెను. చూచుట, వేళ కనిపెట్టుట, భాష నెన్నుకొనుట, ఓర్పు, ఇవన్నియు అందు కలవు.

భాష నెన్నుకొనుట యనునది కుప్పమున నాకు ప్రత్యక్షమైనది. కుప్పము మూడు రాష్ట్రముల పొలిమేర. తెలుగు, తమిళము, కన్నడము వీథిలో కలిసి నడచును. ద్రావిడభాషల అధ్యయనమునకు 1997లో విశ్వవిద్యాలయము నెలకొల్పబడినది ఆ యూరనే. అక్కడి కళాశాలలలో, బడిలో తెలుగు చదివినను ఇంటిలో తమిళమో కన్నడమో మాటలాడు పిల్లలు కలరు. పాఠము ఏ భాషలోనైనను అప్పగింపవచ్చును. దుఃఖము మాత్రము తల్లిభాషలోనే బయటికి వచ్చును. అక్కడి శిక్షణకు వచ్చిన ఒక వంటమనిషి నాకు తరువాత చెప్పిన సంగతి ఇది. వారి హాస్టలులో ఒక బాలిక పది దినములుగ పెరుగన్నము కూడ ముట్టుటలేదు. వార్డెనమ్మ తెలుగున అడిగినప్పుడెల్ల "ఏమీ లేదు మేడమ్" అనుచుండెను. ఈమె రాత్రి పని ముగించుకొని ఆ పిల్ల గదికి వెళ్ళి, "కణ్ణు" అని పిలిచి, తమిళమున అడిగినది. మొదట తిన్నావా యని. పిమ్మట, శిక్షణలో చెప్పినట్లే, బ్రతుకవలెనని లేదా యని. ఆ బాలిక గంటసేపు ఏడ్చినది, ఉన్నదని ఒప్పుకొన్నది. వంటమనిషి ఆ రాత్రి ఆ గదిలోనే చాప పరచుకొని పరుండినది. తెల్లవారి వార్డెనుతో కలిసి ఆసుపత్రికి తీసికొనిపోయినది. ఆ బాలిక చదువు ముగించుకొని నేడు ఉద్యోగము చేయుచున్నది.

కాబట్టి అధ్యాపకమిత్రులకు నేనొక మాట చెప్పుదును. జీవితకాలమంతయు గ్రాంథికమును పట్టుకొని ప్రాకులాడినవాడను నేను. ఇప్పుడును మీతో దానినే మాటలాడుచున్నాను. కాని ఈ ఒక్క ప్రశ్నను గ్రంథములోని భాషలో అడుగరాదు. "ఆత్మహత్యాప్రయత్న సంకల్పము కలదా?" అని అడిగినచో ఏ పిల్లవాడును బదులు చెప్పడు. "నాయనా, బతకబుద్ధి కావడంలేదా? చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా?" అని సూటిగ, మెల్లగ, ఒంటరిగ ఉన్నప్పుడు అడుగవలెను. అడిగిన పిమ్మట నోరు మూసికొని వినవలెను. "అట్లాంటిదేమీ లేదు గదా" అని అడుగరాదు. అది లేదని చెప్పుమని బోధించు ప్రశ్న.

చెప్పరాని మాటలును కొన్ని కలవు. "నీకంటె కష్టపడేవాళ్ళు లేరా?" "ఇది పిరికితనము." "మీ అమ్మా నాయనా ఏమైపోతారో ఆలోచించావా?" ఇవి మనము మంచి మనసుతోనే అనుచుందుము. భగవద్గీతను గుర్తు తెచ్చుకొనుడు. అర్జునుడు విల్లు జారవిడిచి కూలబడినప్పుడు శ్రీకృష్ణుడు మొదట మందలించెను. ఇది నీకు తగదనెను. దానివలన అర్జునుడు లేచెనా? లేవలేదు. తన బాధ మరల చెప్పుకొని మౌనము వహించెను. అటుపిమ్మట గదా ఆ దీర్ఘమైన సంభాషణ నడచినది. భగవంతుని మందలింపే పనిచేయనిచోట మన మందలింపు పనిచేయునా? అంతటి వీరునికే అట్టి నిస్సత్తువ వచ్చినప్పుడు ఒక పదునెనిమిదేండ్ల పిల్లవానికి వచ్చుట పిరికితనము కాదు.

ఒక్క హెచ్చరిక. "ఎవరికీ చెప్పను" అని మాట ఈయరాదు. "నీ సంగతి ఊరంతా చెప్పను, కాని నీ ప్రాణం నిలబెట్టేదానికి ఒకరిద్దరికి చెప్పక తప్పదు. ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అనవలెను. అట్టి స్థితిలోనున్నవారిని క్షణమైనను ఒంటరిగ విడువరాదు.

మూడవది అప్పగించుట. పంపుట వేరు, అప్పగించుట వేరు. "వెళ్ళి డాక్టరును చూడు" అనుట పంపుట. పెండ్లిలో అప్పగింతలు చూడుడు. తల్లిదండ్రులు బిడ్డ చేతిని పట్టుకొని మరియొకరి చేతిలో పెట్టుదురు. రెండవ చేయి అందుకొను దనుక మొదటి చేయి విడువదు. అట్లే విద్యార్థి వెంట నడచి, సలహాదారుని ఎదుట కూర్చుండబెట్టి, మరునాడు మరల విచారింపవలెను.

అప్పగించుటకు చట్టభయము అడ్డుపడుట నేను మూడు ఊళ్ళలోను చూచితిని. "పోలీసు కేసవుతుందేమో" అని దాచుదురు. ఈ భయమునకు ఇప్పుడు కారణము లేదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యరక్షణ చట్టము 2018 మే నెలలో అమలునకు వచ్చినది. ప్రయత్నించి బ్రతికినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవాడని భావించి, శిక్షింపక, చికిత్సయు సంరక్షణయు ఈయవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో, పూర్వపు శిక్షాస్మృతిలోని 309వ సెక్షను వంటిది లేనేలేదు. ప్రభుత్వోద్యోగిని నిర్బంధించుటకై చేయు ప్రయత్నమును మాత్రమే నేరముగ ఉంచిరి. 'హత్య' యను శబ్దము మన మాటలో ఇంకను మిగిలియున్నది గాని, చట్టము దృష్టిలో బాధితుడు హంతకుడు కాడు.

రెండవ అడ్డంకి సిగ్గు. దీనికి మదనపల్లెవారు ప్రపంచమునకే పాఠము చెప్పగలరు. ఒకప్పుడు క్షయరోగమును ఇంటింట దాచిపెట్టెడివారు. పిల్లకు పెండ్లి కాదనియు, చుట్టములు రారనియు. నూరేండ్లకు పూర్వమే మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయచికిత్సాలయము వెలసినది. దేశము నలుమూలలనుండి రోగులు అక్కడికి వచ్చిరి. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు మొదట మొదలైన చోట్లలో మదనపల్లె యొకటి. నేడు పుట్టిన బిడ్డకెల్ల ఆ టీకా వేయించుచున్నాము; ఎవరును సిగ్గుపడుటలేదు. దాచినంతకాలము చంపిన వ్యాధి, బయటికి చెప్పుకొన్న పిమ్మట లొంగినది. మనసు జబ్బు విషయమునను అంతియే.

ఇంతవరకు శిక్షణయొక్క మేలు చెప్పితిని. దాని పరిమితియు చెప్పనిచో అసత్యదోషము తగులును. ఐరోపాఖండమున పది దేశములలో 168 బడులయందు పదునొకండువేలకు పైగా పిల్లలతో జరిపిన ఒక పరిశోధన 2015లో లాన్సెట్ పత్రికయందు వెలువడినది. కొన్ని బడులలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిరి. కొన్నిట నిపుణులచే పిల్లలను పరీక్షింపజేసిరి. కొన్నిట పిల్లలతోనే కూర్చుండి, మనసు కష్టములను గూర్చి మాటలాడించి, సన్నివేశములను నటింపజేసిరి. సంవత్సరము తరువాత చూడగా, పిల్లలతో నేరుగ పనిచేసిన బడులలో ప్రాణాపాయ ప్రయత్నములు సుమారు సగమునకు తగ్గినవి. ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణయిచ్చినచోట స్పష్టమైన భేదము కనబడలేదు.

దీనివలన తెలియవలసినదేమి? శిక్షణ వ్యర్థమని కాదు, శిక్షణయొక్కటే చాలదని. రెండుపూటలు కూర్చుండబెట్టి, ఛాయాచిత్రములు తీసి, పత్రములు పంచి, నియమము చెల్లినదని తలచు కళాశాలకు ఏ ఫలమును రాదు. పిల్లలకును ఆ విద్య నేర్పవలెను. ఏలయన, స్నేహితుని దుఃఖము మొదట స్నేహితునికే తెలియును. అప్పగించుటకు అవతల ఒక చేయి ఉండవలెను. సలహాదారు లేని కళాశాలలో కాపలావాడు చూచి యేమి, అడిగి యేమి? మరియు పిల్లలను క్రుంగదీయు పనులను ముందు మనము మానవలెను. మార్కుల పట్టికను గోడకంటించి తక్కువ వచ్చినవారిని నిలబెట్టుట, ఫీజు బాకీకి హాల్‌టిక్కెట్టు ఆపుట, కులమునుబట్టియో ఇంటి పేదరికమునుబట్టియో ఎత్తిపొడుచుట, ఇవి చేయుచు శిక్షణ పొందుట, కుండకు చిల్లి పెట్టి నీరు పోయుట వంటిది.

ఫలితములు వెలువడు దినములను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. కిష్కింధాకాండలో సీతను వెదుకబోయిన వానరులకు సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయినది. ఉత్తచేతులతో తిరిగి వెళ్ళినచో రాజు దండించునని భయపడి అంగదుడు, అతనితో తక్కిన వానరులు, సముద్రతీరమున ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. సంపాతి వచ్చి ఒక్క వార్త చెప్పినంతనే ఆ కార్యమంతయు సానుకూలమైనది. తప్పినవారు ఇంటికి పోవ వెరచుట అంగదుని నాటినుండియు ఉన్నదే. ఆ దినములలో ప్రతి కళాశాలయు తప్పినవారి యిండ్లకు ముందుగ ఫోను చేయవలెను. సప్లిమెంటరీ పరీక్ష యున్నదను ఒక్క వార్త సంపాతి వార్త కావచ్చును. తల్లిదండ్రులారా, బిడ్డ గడప త్రొక్కగానే మార్కు లడుగకుడు, "అన్నం తిన్నావా?" అని అడుగుడు.

పల్లెలలోనివారికి మరియొక మాట. మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో టమాటా, కూరగాయల సేద్యము విరివిగ కలదు. పురుగుమందు లేని యిల్లు అరుదు. దానిని ఇంటిలో అందుబాటున ఉంచకుడు. వేరుచోట తాళము వేసి, చెవి పెద్దలయొద్ద ఉంచుకొనుడు. మరణేచ్ఛ తీవ్రముగ నుండు ఘడియలు తరచు కొలదిపాటివే. ఆ ఘడియలు దాటించినచో ప్రాణము నిలుచును. అట్లు నిలిచినవారిలో పెక్కుమంది పిమ్మట పూర్తిగ బ్రతుకుదురు.

కడపట, ఈ మాటలు వినుచున్నవారిలో ఏ విద్యార్థియైనను ఇట్టి బాధలో నున్నచో, నాయనా, అమ్మా, ఇది నీతో నేరుగ చెప్పు మాట. నీ బాధ అబద్ధము కాదు. అది శాశ్వతమును కాదు. ఈ రాత్రియే నీవు నమ్మిన ఒక్కరితో చెప్పుము. ఎవరును లేరని తోచినచో 14416 అను నంబరునకు ఫోను చేయుము. ఇది ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలిమానస్. రేయింబవళ్ళు పలుకును, తెలుగున మాటలాడుదురు, ఖర్చు లేదు. బెంగుళూరు నిమ్హాన్సు సంస్థ దానికి మూలకేంద్రము. ప్రాణాపాయము ఎదుటనే యున్నచో 108కి ఫోను చేయవలెను.

కళాశాలల పెద్దలకు నా మనవి యొక్కటే. రాబోవు శిక్షణకు వంటవారిని, కాపలావారిని, గుమాస్తాలను కుర్చీలు వేసి పిలువుడు. వారు వినగల భాషలో చెప్పింపుడు. చూచినది ఎవరికి చెప్పవలెనో ఒక కాగితము మీద పేరు, నంబరు వ్రాసి వంటయింటి గోడకు, గేటు దగ్గర, బస్సులో అంటింపుడు.

క్రొత్త అట్ట వేసిన ఆ శబ్దరత్నాకరము నా బల్లమీద నేటికిని ఉన్నది. ఎవరైన పిల్లలు ఎరువు తీసికొనిన పుస్తకము తిరిగి ఇయ్యవచ్చినప్పుడు, ఇప్పుడు నేను వారిని కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఎట్లున్నావురా?" అని అడుగుచున్నాను. బదులు పూర్తిగ వినువరకు పుస్తకము అందుకొనను. మీరును అడుగుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.